నీలిమందు తొట్టిల పడ్డ సలాం

నా బతుకుల నేను చేసిన గాడిదపనులల్ల అన్నింటికన్న పెద్దది ఇప్పుడు చెప్తున్న. బువ్వ తినుకుంట చదవకున్రి, పొలమారుతది. నాకు అక్షరాలు తల నెరిసినంక వచ్చినయి గని, లేకుంటె ఈ ముచ్చట ఎప్పుడో రాసేటోణ్ణి.

నిజాం రాజ్యం పోయింది. జాగీర్లు పోయినయి. మా జాగీర్దారు దేవిడీ బంగ్లల తమలపాకుల పాన్‌దాను మోసే నా నౌకరీ గూడ వాటెంబడే పోయింది. నా అసొంటోళ్లకు కొత్త పని నేర్పుతమని సర్కారోళ్లు శేరిలింగంపల్లిల రేకుల షెడ్డు ఏసిన్రు. పోయిన.

రంగులద్దకం నేర్పే ఉస్తాద్ అడిగిండు: "ఏం పనొస్తదిరా నీకు?"

"పాన్‌దాను మోస్త."

"ఇంకా?"

"ఎనుకకు నడుస్త."

నవ్వకున్రి, అదొక విద్య. దొర ముంగటి నుంచి పోయేటప్పుడు ఆయనకు వీపు చూపెట్టొద్దు. వంగి సలాం కొట్టుకుంట ఎనుకకెనుకకు పోవాలె. నేనైతే పాన్‌దాను పట్టుకొని మెట్లు గూడ అట్లనే దిగేటోణ్ణి.

"ఈడ దొరల్లేరు, సలాముల్లేవు. బట్టకు రంగేసుడు నేర్చుకో," అన్నడు ఉస్తాద్.

పరీక్ష పాసైతె రంగుల కార్ఖానాల నౌకరీ. కాకుంటె నల్లగండ్లల మా బామ్మర్ది బర్లు కాసుడు. వాడైతె అప్పుడే మొదలువెట్టిండు: "ఫికర్ చేయకు బావా! మా బర్లు నవాబుల కన్న నయం. వీపు చూపెట్టినా ఏమనయి."

ఆ మాటకే పట్టువట్టి నేర్చుకున్న. నీలిమందు తొట్టిల బట్ట ముంచి తీస్తె ముందుగాల ఆకుపచ్చగుంటది. గాలి తగిలినకొద్ది నీలమైతది. మొదటిసారి చూసి "ఉస్తాద్, నా బట్ట చెడిపోయింది!" అని లొల్లి చేసిన.

పరీక్షనాడు తెల్ల ప్యాంటేసుకొని కార్ఖానా పెద్ద సాబ్ వచ్చిండు. నా బట్ట తిరగేసి మరగేసి చూసిండు. "శాబాష్! రేపటి నుంచి కార్ఖానాకు రా."

ఇంకేముంది! సంబురంల నా కాళ్లు నన్నడగకుంటనే దేవిడీకి పోయినయి. షెడ్డుల చేతులకు పని నేర్పిన్రు గని కాళ్లకెవరు నేర్పిన్రు? వంగిన. సలాం. ఒక్కడుగు ఎనుకకు. ఇంకో సలాం. ఇంకో అడుగు.

"ఆగురా! తొట్టి! తొట్టి!" అని ఉస్తాద్ మొత్తుకున్నడు.

పెద్దమనిషి ముంగట ఎనుకకు మళ్లి చూస్తె మర్యాద కాదు గద? చూడలే. దభేల్‌మని తొట్టిల వడ్డ. రంగు నలుదిక్కుల చిల్లింది.

లేచేసరికి పాలకూర కట్ట లెక్క ఉన్న. సాబ్ బెదిరిండు. "అరే, మనిషి పచ్చగైండు! దవాఖానకు తీస్కపోండ్రి!" అంతల గాలి తగిలింది. "అయ్యయ్యో, నీలమైతున్నడు! పానం పోతున్నది!"

"పానం కాదు సాబ్," అన్నడు ఉస్తాద్ సల్లగ. "రంగు పడుతున్నది."

అప్పుడు చూసుకున్నడు సాబ్ తన ప్యాంటు. అది గూడ పచ్చ నుంచి నీలానికి మళ్లుతున్నది. చేతులు జోడించి అడిగిన: "సాబ్... నా నౌకరీ?"

"ఉంటది. ఒక్క షరతు. నాకు వీపు చూపెట్టి పో."

అదీ అసలు పరీక్ష! కాళ్లు తిరగయి. చెమట వడుతున్నది, అది గూడ నీలంగనే. కండ్లు మూసుకొని గిర్రున తిరిగి ఉరికిన. తలుపు కాడ నన్ను తోలుకపోవడానికి బామ్మర్ది బర్రెతోని నిలవడ్డడు. బర్రె నన్ను చూసింది. తాడు తెంపుకొని నల్లగండ్ల దిక్కు పరుగు లంకించుకున్నది. వాడు దానెంబడే ఉరుక్కుంట అరిసిండు: "బావా, నీ కాళ్లు మొక్కుత, కార్ఖానాకే పో!"

ఆనాడే నీలిమందు సాక్షిగ ఒట్టు వెట్టుకున్న: ఎంత పెద్దోళ్లైనా సరే, వీపు చూపెట్టే పోత. నేటిదాంక తప్పలే. మొన్న డాక్టరమ్మ "మిఠాయి బంద్ చేయాలె" అంటుండంగనే గిర్రున తిరిగిన.

"ఇంకా చెప్తున్న, ఎటు వోతున్నవ్ తాతా?"

"ఏం జేద్దు తల్లీ, ఒట్టు!"