మైపాడు ఒడ్డున ఇరవైనాలుగు స్తంభాలు

కొత్త సిమెంటు మీద నీళ్లు చల్లగానే ఒక వాసన లేస్తుంది. మొన్న మనుబోలులో ఒక ప్రహరీగోడ దగ్గర అది తగిలి, చేతిలో టేపు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. నాకది దేవసహాయం మేస్త్రీ వాసన. వెంకటాచలం దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డులో ఆయన సిమెంటు స్తంభాలు, పూలకుండీలు, చర్చీలకు శిలువలు పోతపోసేవారు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, లెక్కలు సొంతంగా నేర్చుకున్న నేను ముప్పయ్యేళ్ల వయసులో ఆయన దగ్గర కొలతలు చూసే పనికి చేరాను.

మైపాడులో ఒక తోట యజమాని, అమరావతి స్తూపం చుట్టూ ఉండిన రాతికంచెలాంటిది తన తోటకు కావాలన్నాడు. ఆ రాళ్లు కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయని, చూసొద్దామని మేస్త్రీ నన్ను అక్కడికి తీసుకుపోయారు. నిలువు స్తంభాలు, వాటి నడుమ మూడేసి అడ్డపట్టీలు, పట్టీ మధ్యలో విచ్చుకున్న తామర. నేను రేకులు లెక్కపెట్టుకుంటూ పోతుంటే ఒక గుండ్రటి శిల్పం ముందు ఆపారు.

"ఏనుగులెన్ని, అబ్బయా?"

"రెండు. ఒకటి మనుషుల్ని తొక్కుతోంది. ఒకటి బుద్ధుడి ముందు మోకరించింది."

"ఒకటే. ముందట్లా, తర్వాతిట్లా. నువ్వు ఎన్నని చూస్తావే గానీ, ఏది ముందని చూడవు."

నవ్వి మళ్లీ రేకుల లెక్కలో పడ్డాను. ఇరవైనాలుగు స్తంభాలు, అరవైతొమ్మిది పట్టీలు పోతపోశాం. ఒక ఆదివారం మేస్త్రీ చర్చికి పోయినప్పుడు, ఆయన మెచ్చుకుంటారని, తోటలో కూలీలను పెట్టి స్తంభాలన్నీ నిలబెట్టించి మొదళ్లలో కాంక్రీటు పోయించాను. ఎడం ఎక్కడా నూలుపోగంత తేడా లేదు.

సోమవారం ఆయన చూసి తలపట్టుకున్నారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండడుగులు. పట్టీ రెండున్నర, దాని కొనలు రెండు పక్కలా స్తంభాలకు వదిలిన గుంటల్లోకి దిగాలి. ఒక స్తంభం పాతి, పట్టీలు దూర్చి, ఆ కొనలకు రెండో స్తంభాన్ని తొడిగి, అట్లా ఒక్కొక్కటే పోవాలి.

"ఇప్పుడెట్లా దూరతాయి? వంగి దూరడానికి ఇవేమన్నా చేపలా?"

"ఒకటి విడిచి ఒకటి పీకితే చాలదా, మేస్త్రీ? పన్నెండుతో పోతుంది."

"మళ్లీ లెక్కేనా! రెండు పక్కలా ఒకేసారి ఎట్లా తొడుక్కుంటది? మొదటిది ఉంచి ఇరవైమూడూ పీకు."

పీకడంలో ఐదు విరిగాయి. తోట తెరిచే రోజుకు కంచె సగమే లేచింది. చుట్టాల ముందు యజమాని అరిచాడు: "ఎవరు చేసినారీ పని?" నేను నోరు తెరవబోయాను. మేస్త్రీ నా కాలు తొక్కారు.

"నేనే సార్. వరస మరిచినాను."

"వయసైపోయినాది నీకు."

ఆ మాట హైవే పొడుగునా పాకింది. పెద్ద పనులు ఇంకెవరూ ఆయనకివ్వలేదు. ఎందుకట్లా చెప్పారని ఒకరోజు అడిగాను.

"నేనింకో రెండేళ్లు చేస్తానేమో. నువ్వు ముప్పయ్యేళ్లు చెయ్యాల. పేరు ఎవరికి ఎక్కువ అవసరమో నువ్వే లెక్కెయ్యి."

మేస్త్రీ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఏ పనికి ఎస్టిమేటు రాసినా, ఎన్ని కావాలో రాసేముందు ఏది ముందో, ఏది తర్వాతో రాస్తాను. పట్టీలు మరిచిన ముసలి మేస్త్రీ కథ ఎవరైనా ఎత్తి నవ్వితే, మధ్యలోనే ఆపి, స్తంభాలు నిలబెట్టింది నేనని చెబుతాను. ఇప్పటికి తొమ్మిదిమందికి చెప్పాను. నమ్మింది ఇద్దరే. మిగతా ఏడుగురూ, గురువు మీద ప్రేమతో తప్పు నా నెత్తిన వేసుకుంటున్నానని నన్ను మెచ్చుకుని పోయారు.