అమ్మ బొంత... నాయన క్లచ్చు

మా చిన్నప్పుడు... నవ్వకండి, కరోనా రోజులే! నేనప్పుడు ఏడో తరగతి. ఇప్పుడు డ్రైవింగ్ లైసెన్సు కూడా వచ్చేసింది కాబట్టి అది చిన్నతనమే అని నా వాదన.

శుక్రవారం పొద్దున్నే మా నాయన, అబుదాబికి దూరంగా ఎడారిలో ఉన్న రువైస్‌లో, మా క్వార్టర్ల ముందు కారు బానెట్ ఎత్తేవాడు. ఇంజన్ ఆయిల్ చూసే పొడుగాటి కడ్డీ లాగి, పాత లుంగీ ముక్కతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకు పట్టి చూసేవాడు. ఎడారి దుమ్ముకి ఆయిల్ తొందరగా నల్లబడుతుందని, మార్చాల్సిన గడువుకు ముందే మార్చేసేవాడు. కూరలో ఉప్పు చూసే అమ్మ ముఖం, ఆయిల్ చూసే నాయన ముఖం అచ్చం ఒకేలా ఉండేవి...

చుట్టుపక్కల అందరివీ ఆటోమేటిక్కులు. మాది మాత్రం చేత్తో గేర్లు వేసే ముసలి కారు. నాయన ముందు దాన్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు.

ఆ ఎండాకాలం అమ్మకు నెలలు నిండుతున్నాయి. నేను పుట్టినప్పుడు చాలా కష్టమైందట... అందుకని ఈసారి కాన్పు అబుదాబిలో పెద్దాసుపత్రిలోనే అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మాకేమో గంటల తరబడి ఎడారి రోడ్డు. విమానాలు ఆగిపోయి కడప నుంచి జేజి, అదే మా నాయనమ్మ, రాలేకపోయింది. ఒకరి కారులో ఒకరు ఎక్కడానికే భయపడే రోజులు. మాకున్న దిక్కల్లా ఆ కారే.

జేజి రాలేదు గానీ, ఆమె పాత చీరలు అంతకుముందే వచ్చాయి. మావైపు పుట్టిన బిడ్డను కొత్త గుడ్డ మీద వేయరు... పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీరలతో బొంత కుట్టి, దాని మీదే పడుకోబెడతారు. అమ్మ బిడ్డ బొంత కుట్టేసింది. ఇంకా చీరలు మిగిలాయి. ఎండకు కారు అడుగు కాలి నాయన మడమలు మంటెత్తుతున్నాయని, మిగిలిన వాటితో మందంగా ఇంకో చిన్న బొంత కుట్టి, ఆయన కాళ్ల దగ్గర పరిచి, పైన రబ్బరు మ్యాట్ కప్పింది. నాయన మురిసిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే కారుకు జబ్బు మొదలైంది. గేరు మారుస్తుంటే గర్ర్... రివర్స్ వేస్తే వీధంతా తిరిగి చూసేది. నాయన గేర్ ఆయిల్ మార్చాడు. క్లచ్చు ఆయిల్ తగ్గిందేమోనని చూశాడు. ఊహూ... చప్పుడు తగ్గలేదు.

"దావలో నిల్చిపోతే ఏం జేద్దాం మే?" అన్నాడు అమ్మతో. మా నాయన గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి.

మా ఊరి ఆసుపత్రిలో అమ్మను చూపించుకుని వస్తూ గ్యారేజీ దగ్గర ఆగాం. మెకానిక్ కరీంనగర్ వైపు ఆయన, మల్లేశన్న. సీట్లో కూర్చుని గేరు వేసి చూశాడు. గర్ర్...

"క్లచ్ ప్లేట్ ఖలాస్ అయినట్టున్నదన్నా. గేర్‌బాక్స్ దింపాలె. సామాను అబుదాబి నుంచి రావాలె... వారం పడ్తది."

"వారమా? ఆయమ్మిని జూడన్నా... ఈ పొద్దో రేపో అన్నెట్టుంది!" అన్నాడు నాయన.

వేరే దారి లేదు, కారు వదిలిపెట్టాలి. అమ్మ కళ్లు తుడుచుకుని, ఆ గాభరాలో కూడా నాతో ఏమందో తెలుసా?

"పాపా, ఆ బొంత పెరుకు. గ్రీజు కాళ్లతో తొక్కుతారు ఈళ్లు."

ఆమె వంగలేదు కదా... నేనే మ్యాట్ ఎత్తి, బొంత బయటికి లాగి అమ్మకిచ్చాను.

మల్లేశన్న కారును లోపలికి తీసుకుపోదామని ఎక్కాడు. క్లచ్చు తొక్కాడు... గేరు వేశాడు... చప్పుడు లేదు! రివర్స్ వేశాడు. వెన్నలా పడింది. మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు. వంగి పెడల్ కింద చూశాడు. తర్వాత అమ్మ చంకలో ఉన్న బొంత చూశాడు.

"వదినా... బీమారి మీ చంకల ఉన్నది!"

అంతే... బొంత అడ్డం వచ్చి పెడల్ కిందిదాకా దిగడం లేదు. క్లచ్చు పూర్తిగా విడవకుండానే పాపం ఇన్నాళ్లూ గేర్లు మారుస్తున్నాం! నాయన అక్కడున్న పాత టైరు మీద కూలబడి నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు.

"నీ కాళ్లు కాల్తాండాయని ఏసినా. కింద ఏముందో జూసుకోవద్దా నువ్వు?" అమ్మ తిరిగి ఆయన్నే కసిరింది!

"నువ్వు ఏసిందాన్ని తప్పుబట్టాలని నాకెట్ల తోస్తాది?" అన్నాడు నాయన.

మల్లేశన్న గేర్లన్నీ ఇంకోసారి చూసి, "దెబ్బేం తగల్లేదు, నిమ్మలంగ పోండ్రి" అన్నాడు. గుండెల మీది బండ దిగడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది నాకు.

తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నాయన గేరు మార్చిన ప్రతిసారీ ముగ్గురం చెవులు రిక్కించాం. అంత నొప్పిలోనూ అమ్మ, "మెత్తగ పడ్తాంది గదప్పా..." అంది. నాయన తలాడించాడు. చీకటి పడకముందే తమ్ముడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం అని నర్సు చెప్పగానే నాయన అక్కడే గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు కడుపు చల్లబడుతుంది.

ఇప్పుడు మాదీ ఆటోమేటిక్కే. ఆయిల్ ఎప్పుడు మార్చాలో అదే చెబుతుంది, గేర్లు అవే మారిపోతాయి. కారెక్కగానే తమ్ముడు ట్యాబ్‌లోకి, నేను ఇయర్‌ఫోన్స్‌లోకి... నాయన ఒక్కడే రోడ్డు చూస్తూ నడుపుతాడు. ఆ రోజు మాత్రం మేమంతా ఒకటే చప్పుడు కోసం విన్నాం. అది రాకపోతే చాలని అందరం ఒకటే కోరుకున్నాం...

మీ ఇంట్లో కూడా అందరూ ఊపిరి బిగబట్టి నడిపించుకున్న బండి ఒకటి ఉండే ఉంటుంది కదా... దాని కథ చెప్పండి, ఇయర్‌ఫోన్స్ తీసేసి వింటాను.