గ్రిల్లు తుడిచిన చెయ్యి

ముందుగా ఒక ఒట్టు. ఇక్కడ నేను రాయబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. నా మీద ఒట్టంటే మా వాళ్ళెవరూ నమ్మరు కాబట్టి, ఇరవై రెండేళ్ళుగా నేను పనిచేస్తున్న కోల్డ్ స్టోరేజీ మీద, అందులో మేం టిక్కీలనే మిరప బస్తాలన్నిటి మీద, వాటిని అక్కడ దాచుకుని ధర కోసం ఎదురుచూస్తున్న రైతులందరి మీదా ఒట్టు. నాకు కథలల్లుతాడని పేరుంది, కాదనను. మా గోడౌన్లో ఎలుక మిరపకాయ కొరికి తుమ్మితే ఇనప షట్టరు దానంతటదే లేచిందని గుంటూరంతా చెప్పినవాణ్ణి నేనే. ఇది మాత్రం అలాంటిది కాదు.

పోయిన నెల చిలకలూరిపేటలో ఒక పెళ్ళి భోజనానికి కూర్చున్నాను. పక్క విస్తరి ముందున్నాయన ఎవరో నాకు తెలియదు. నాది గుంటూరని వినగానే పులిహోర కలుపుతూ మొదలుపెట్టాడు. "అయితే మీకు తెలిసే ఉంటదండి. మీ గుంటూర్లో ఒకామె ఉందంట. చిన్నప్పట్నుంచీ మిరపకాయల తొడిమలు తీసీ తీసీ చేతులు రాయైపోయినయ్యంట. కాలే పెనం మీద అట్టు చేత్తోనే తిరగేసిద్దంట." మీరు చూశారా అన్నాను. "నేను చూళ్ళా. మా తోడల్లుడు కళ్ళారా చూశాడు" అన్నాడు. నా కథ నా దగ్గర్నుంచి బయల్దేరినప్పుడు అందులో అట్టు లేదు. ఊళ్ళన్నీ తిరిగి, ఒళ్ళు చేసి, నన్నే గుర్తుపట్టకుండా నా పక్కన వచ్చి కూర్చుంది. మామూలుగా అయితే ఆ తోడల్లుడికి ఇంకో రెండు అట్లు జోడించి పంపేవాణ్ణి. ఆ రోజు మాత్రం విస్తట్లో గారె విస్తట్లోనే వదిలి లేచి వచ్చేశాను.

ఆమె మా అక్క. అది పెనం కూడా కాదు, కరెంటు గ్రిల్లు.

ఆ గ్రిల్లు మేం కావాలని కొన్నది కాదు. రెండు వేసవుల క్రితం ఏసీ కొంటే దానితో ఉచితంగా ఇచ్చారు. పలకంత నల్లటి రేకు, దాని మీద దున్నిన చేనులా చాళ్ళూ గట్లూ, జిడ్డు కారడానికి కింద ఒక పళ్ళెం, పక్కన ఎర్ర లైటు. ఇంట్లోనే పొగ లేకుండా కాల్చుకోవచ్చని అట్టపెట్టె మీద రాసుంది. మొదటి వారం అప్పడాలు కాల్చాం. రెండో వారం పచ్చడికి వంకాయ. మూడో వారం ధైర్యం వచ్చి, కారం, అల్లంవెల్లుల్లి దట్టంగా పట్టించిన కోడి ముక్కలు పరిచాను. పొగ రాదని రాసినవాడు మన కారాన్ని ఊహించుకుని ఉండడు. ఏసీ కోసం తలుపులన్నీ బిగించిన హాల్లో ఆ కారం మాడేసరికి నేనూ మా ఆవిడా దగ్గుకుంటూ బాల్కనీలోకి పరిగెత్తాం. ఎదురింటాయన తన బాల్కనీలోంచి దగ్గుతూనే మా క్షేమం అడిగాడు.

తిన్నంతసేపూ బాగానే ఉండేది. గొడవంతా తర్వాత ఆ రేకుని శుభ్రం చెయ్యడంలో. అది ఊడి రాదు. లోపల కరెంటు కాబట్టి నీళ్ళల్లో ముంచకూడదు. ఇనప పీచు పెడితే పూత లేచిపోతుంది. పూర్తిగా చల్లారాక మెత్తటి గుడ్డతో తుడవమన్నారు గాని, చల్లారేసరికి జిడ్డూ మాడిన కారమూ కలిసి ఆ చాళ్ళల్లో తారు పోసినట్టు బిగుసుకుంటాయి. మా ఆవిడ మొదటిరోజే తేల్చేసింది. "కాల్చేది మీరు, బాగుందనిపించుకునేది మీరు. తోమేదీ మీరేనండి." నిమ్మచెక్కలు రుద్దాను. వంటసోడా చల్లాను. అగ్గిపుల్లలు విరిచి ఒక్కొక్క చాలే గీకాను. ఒక టూత్‌బ్రష్షుని కూడా బలిచ్చాను. ఆ బ్రష్షు ఎవరిదన్న వ్యవహారం మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

సరిగ్గా ఆ రోజుల్లో మా అక్క వచ్చింది. ఒంగోలు వైపు ఒక పల్లెలో అక్కా బావా కౌలుకి మిరప వేస్తారు. కాయ కోసి, ఎండబెట్టి, టిక్కీలు మా కోల్డ్ స్టోరేజీలో చేర్చాక, ఓ పదిహేను రోజులు చల్లగా పడుకుని వెళ్ళమని నేనే పిలిచాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది, నన్ను చంకనేసుకుని పెంచింది. చిన్నప్పుడు కల్లంలో ఆడవాళ్ళంతా కాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తుంటే వాళ్ళ మధ్య ఆమె కూడా ఉండేది. ఇంటికొచ్చి మండుతున్న చేతులు మజ్జిగలో పెట్టుకునేది. మిరపకాయల కాలంలో నా మొహాన్ని అరచేత్తో తాకేది కాదు, నేను ఏడిస్తే ముంజేత్తో కళ్ళు తుడిచేది. ఒకే ఒక్కసారి మరిచిపోయి అరచేత్తో తుడిచింది. ఆ రోజు నా కేకలకి రోడ్డు మీద బస్సు ఆగిపోయిందని చెబుతుంటాను. బస్సు సంగతెలా ఉన్నా, మా నాన్న ఆమెను కొట్టాడు. అది నాకు బాగా గుర్తుంది.

నేను అగ్గిపుల్లతో గ్రిల్లు గీకుతుంటే చూసి నవ్వింది. "ఏందిరా ఆ గీకుడు, చెవిలో గుబిలి తీస్తన్నట్టు? వేడి మీదుంటేనే జిడ్డు వదిలిద్ది. నాకొదిలెయ్." తర్వాతిసారి ముక్కలు తీసి స్విచ్చి ఆపగానే తడిగుడ్డ మడిచి రేకు మీద పరిచింది. సుయ్యిమని లేచిన ఆవిరిలో, గుడ్డ మీద నుంచే వేళ్ళు దూర్చి, చాలు వెంట చాలు తోసుకుంటూ పోయింది. రెండు నిమిషాల్లో రేకు కొత్తదైపోయింది. నేను ఒక వేలు ఆనించి చూసి, వెంటనే నోట్లో పెట్టుకున్నాను. నీకు కాలట్లేదా అక్కా అంటే, "వీటికేం కాలిద్దిరా, ఇవి ఆఫీసు చేతులు కాదుగా" అంది.

ఇంట్లో నవ్వుకుని ఊరుకోవలసిన మాట. మర్నాడు ఆఫీసులో చెప్పాను. పొద్దున చెప్పినప్పుడు తడిగుడ్డ ఉంది. సాయంత్రం టీ బంకు దగ్గర చెప్పేసరికి గుడ్డ మాయమైంది. వారం తిరిగేలోపల, ఆమె చిన్నప్పుడు మా నాన్న చుట్టకి నిప్పుకణిక అరచేతిలో పెట్టుకుని తెచ్చేదని కూడా చేరింది. ఎవరెవరు ఎలా నోళ్ళు తెరిచారో ఇంటికొచ్చి అక్కకి చెప్పేవాణ్ణి. "ఎన్ని అబద్ధాలు చెప్తావురా" అని తిట్టేది గాని, అరవయ్యేళ్ళ మనిషి, ఎవరూ ఎన్నడూ దేనికీ మెచ్చుకోని మనిషి, తర్వాత తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకోవడం నేను చాటుగా గమనించాను. దాంతో నాకు మరింత ఊపొచ్చింది.

ఒక సాయంత్రం కూరగాయలు తెచ్చి సోఫాలో కూలబడింది. మా ఆవిడ సంచీ అందుకుంటూ, "వదినా, రెండో చెప్పేదీ?" అంది. అక్క ఒక కాలికే చెప్పుంది. రెండోది కింద మెట్ల దగ్గరెక్కడో జారిపోయింది. చెప్పు లేని కాలితో మూడంతస్తులు ఎక్కి వచ్చినా ఆమెకి తెలియలేదు. మా ఆవిడ ఆ రాత్రి నాతో అంది, "ఒకసారి డాక్టరుకి చూపిద్దామండి. చెప్పు జారితే తెలియకపోవడమేంటి? షుగరేమో." నేను కొట్టిపారేశాను. చేలో పుట్టి పెరిగిన కాళ్ళకి చెప్పుంటే ఎంత, లేకపోతే ఎంత అన్నాను. ఆమె ఇంకోసారి అడిగింది. మా అక్క సంగతి నాకు తెలియదా అన్నాను. పొద్దున్నే ఆఫీసులో చెప్పు కథ కూడా చెప్పాను. చేతుల కథ కంటే అదే ఎక్కువ పండింది.

ఆ ఆదివారం మా మేనేజరుగారూ ఆయన భార్యా భోజనానికి వచ్చారు. కొత్తపట్నం నుంచి తెలిసినాయన పంపిన చేపలు. కారం, నిమ్మరసం పట్టించి గ్రిల్లు మీద కాల్చాను. తిన్నారు, కాఫీ తాగారు, నేను వాళ్ళని కింద కారు దాకా దిగబెట్టి వచ్చాను. పైకొచ్చేసరికి మా ఆవిడ అక్క చెయ్యి కుళాయి కింద పట్టుకుని ఉంది. నేను కిందికి వెళ్ళిన ఆ కాసేపట్లోనే, అక్క గ్రిల్లు తుడుస్తుంటే గుడ్డ పక్కకి జారి, అరచెయ్యి రేకుకి ఆనిందట. అరచేతికి అడ్డంగా నాలుగు తెల్లటి గీతలు, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. "ముగ్గేసినట్టుందేంది అమ్మాయ్" అంటోంది అక్క, వేరే ఎవరి చెయ్యో చూస్తున్నట్టు. నొప్పిగా ఉందా అంటే లేదంది. మా ఆవిడ నా వంక చూసింది.

తెల్లారేసరికి చెయ్యి ఉబ్బింది. కొత్తపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఎలా కాలిందమ్మా అని ఆయన అడిగాడు. "గ్రిల్లు తుడుస్తంటే గుడ్డ జారిందండి. మా తమ్ముడు కిందికెళ్ళాడు. ఉన్నట్టయితే వాడే తుడిచేవోడు" అంది అక్క. ఆ మాటకి ఇంకో రోజైతే మా ఆవిడ నవ్వేది. డాక్టరు కట్టు కట్టించి, రక్తం తీయించి, అక్కని బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. సూది పట్టుకుని, "గుచ్చగానే చెప్పమ్మా" అన్నాడు. వేలి చివర గుచ్చాడు. పాదం మీద గుచ్చాడు. అరికాల్లో రెండుసార్లు గుచ్చాడు. అక్క కళ్ళు మూసుకుని మర్యాదగా ఎదురుచూస్తోంది. కాసేపాగి అడిగింది. "ఇంకా గుచ్చలేదాండి?"

నేను గోడ మీద క్యాలెండరు వంక చూశాను.

తిమ్మిర్లు ఎన్నాళ్ళ నుంచి అని ఆయన అడిగితే, "తిమ్మిర్లేం లేవండి, ఈ మధ్య హాయిగానే ఉంది. మంటలు కూడా పోయినయ్" అంది. "అదేనమ్మా జబ్బు" అన్నాడు. ఎన్నేళ్ళ నాటి షుగరో, ముందు కాళ్ళనీ ఆ తర్వాత చేతులనీ మొద్దుబారేలా చేసింది. ఎడమ పాదం కింద, రెండో వేలి మొదట్లో, ఒక పత్తికట్టె ముక్క దిగి లోపలే చీము పట్టి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో అక్కకి తెలియదు. ఆ కాలితోనే మా మెట్లెక్కింది, ఆ కాలితోనే మా ఇంట్లో తిరిగింది. పాదం దక్కడమే గొప్ప అన్నాడు డాక్టరు. ఆ ఒక్క వేలూ తీసేశారు.

చెయ్యి మానింది. గీతలు ఉండిపోయాయి. పోయిన స్పర్శ మళ్ళీ రాదట, ఉన్నది కాపాడుకోవాలట. ఇప్పుడు అక్క చేలోకి గుడ్డబూట్లు వేసుకుని వెళుతుంది. ఊళ్ళోవాళ్ళు "ఏందమ్మో, పరుగుపందేనికా" అంటే, "మీరూ రండి, మీతోనే" అంటుందట. సాయంత్రం బావ కళ్ళజోడు పెట్టుకుని, ఆమె పాదాలు ఒళ్ళోకి తీసుకుని, పేపరు చదివినట్టు అరికాళ్ళు చూస్తాడు. గ్రిల్లు మా ఇంట్లోనే ఉంది. నేనే తుడుస్తున్నాను, చల్లారాక, అగ్గిపుల్లలతో.

ఒట్టేశాను కాబట్టి ఒక సంగతి సరిచెయ్యాలి. మిగతాదంతా నిజమే. గుడ్డ జారడం మాత్రం కల్పన. గుడ్డ నా చేతిలో ఉంది. అప్పటికింకా ఎవరూ కిందికి దిగలేదు. మేనేజరుగారూ ఆయన భార్యా సోఫాలోనే కూర్చుని ఉన్నారు, మా ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతోంది. చివరి చేప తీసి అప్పుడే స్విచ్చి ఆపాను. "నిజంగానే కాలదాండి?" అన్నారు మేనేజరుగారు. "ఏదక్కా, ఒకసారి చూపించు" అన్నాను. అక్క ఆరిపోయిన లైటు వంక చూసి, "ఇప్పుడే గదరా ఆపింది" అంది. "నీకేమయిద్దే" అన్నాను. వచ్చినవాళ్ళ ముందు తమ్ముడి మాట పోకూడదనుకుందో ఏమో, కొంగుకి చెయ్యి తుడుచుకుని అరచెయ్యి రేకు మీద పెట్టింది. నేను లెక్కపెట్టాను, గట్టిగా, అందరికీ వినబడేలా. మూడు దగ్గర వాసన వచ్చింది. చేప వాసనే అనుకున్నాను. అనుకున్నానో, అనుకోవాలనుకున్నానో. నాలుగు అన్నాను, అయిదు కూడా అన్నాను. అంతసేపూ ఆమె నా మొహం వంకే చూస్తోంది, సరిగ్గా చేస్తున్నానా అన్నట్టు. మేనేజరుగారి భార్య ఒక్కతే లేచి నిలబడింది. కాఫీలు వచ్చేసరికి అక్క చెయ్యి కొంగులో ఉంది. వాళ్ళు గబగబా తాగి వెళ్ళిపోయారు, మళ్ళీ మా ఇంటికి రాలేదు.

గుడ్డ జారిందన్నది నా కల్పన కూడా కాదు. మొదట అక్కే మా ఆవిడతో చెప్పింది, మర్నాడు డాక్టరుతో చెప్పింది, నా వంక చూడకుండా. ఆమె జన్మలో అల్లిన కథ అదొక్కటే. నేను ఏమీ కలపకుండా దాన్నే చెప్పుకుంటూ వస్తున్నాను. మా ఆవిడకి ఇది చదివాకే తెలుస్తుంది.

అయిదు అంకెలు లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుందంటే అయిదు సెకన్లని ఒకప్పుడు ఠక్కున చెప్పేవాణ్ణి. రెండు వేసవులు వెళ్ళిపోయాయి. ఆ లెక్క నాకింకా మూడు దగ్గరే ఉంది.