చార్టు మూలలకు అమ్మ పెట్టిన పసుపు

మా చిన్నతనంలో, నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో... ఒక పొద్దున చుట్టిన చార్టు చంకలో పెట్టుకుని, పొడవాటి అట్టపెట్టె రెండు చేతుల్తో పట్టుకుని ఫలక్‌నుమా సందుల్లోంచి బడికి నడుస్తున్నాను. కంచన్‌బాగ్‌లో పనిచేసే మా బాపు తెచ్చిన ట్యూబులైటు పెట్టె అది. లోపల రెండు అద్దం ముక్కలు ఏటవాలుగా అంటించి పెరిస్కోపు చేశాను. గోడ కింద కూర్చుని చూస్తే అవతలి మనిషి కనబడతాడు. నాలుగు రోజులు పట్టింది, రెండు వేళ్లు తెగాయి...

బడిలో సైన్స్ ఎగ్జిబిషన్. ఫస్టు వచ్చిన పిల్లను ఊరవతల ఉన్న పెద్ద దుర్భిణి చూపించడానికి తీసుకెళ్తామన్నారు. శనిగ్రహం చుట్టూ ఉంగరం కనబడుతుందట. అప్పటికి నేను నయాపూల్ వంతెన దాటింది రెండేసార్లు, రెండుసార్లూ పెద్దాసుపత్రికే. ఆ ఉంగరం చూడాలని ఎంత కొట్టుకున్నానో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు.

బడికి వెళ్లి చార్టు విప్పితే... నాలుగు మూలలా పసుపు బొట్లు.

నేను లేవకముందే అమ్మ పెట్టింది. కొత్త బట్టలకు, పెళ్లి పత్రికలకు పెడతాం కదా, అట్లా. పక్కన గాజుల దుకాణాల వాళ్ల పిల్లల చార్టులు. బోర్డులు రాసే పెయింటరుతో రాయించినవి, తళతళమంటున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడకముందే నల్లా దగ్గరికి పరుగెత్తాను. అక్కడ బట్టల సబ్బు ముక్క ఒకటి ఉంటే తడివేలికి రాసుకుని పసుపు మీద రుద్దాను.

అది పోలేదు... ఎర్రగా మారింది. ఇంకా రుద్దితే ఇంకా ఎరుపు. నాలుగు మూలలా నెత్తురు మరకల్లా తయారైంది.

మార్కులు వేయడానికి వేరే బడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పెరిస్కోపులో చూసి తల ఊపారు. తర్వాత చార్టు మూల మీద వేలు పెట్టారు.

"గీ ఎరుపేంది బిడ్డా?"

"సిరా పడ్డది సార్."

ఆయన వంగి వాసన చూశారు. "సిరా పసుపు వాసనొస్తదా?"

నేను ఆ మూలను అరచేత్తో కప్పేశాను.

"పసుపు ఎర్రగ ఎట్లయింది? గదొక్కటి చెప్పు, నీకే ఫస్టు రాస్త."

పెన్సిలు పట్టుకుని అట్లాగే నిలబడ్డారు పాపం. నాకేం తెలుసు... నోటికొచ్చింది అనేశాను. "మా అమ్మ పెట్టింది సార్. ఆమెకు చదువు రాదు. తెల్వక పాడుచేసింది."

"పాడుచేసిందని నేనన్ననా?" అని ఏదో రాసుకుని ముందుకు వెళ్లిపోయారు. కరెంటు గంట చేసిన పిల్లకు ఫస్టు వచ్చింది.

ఇంటికొచ్చి చార్టు అమ్మ ముందు విసిరేశాను. నీ పసుపు వల్లే పోయింది, ఎర్రగా ఎట్లయిందని అడిగితే ఏం చెప్పాలి అని గొంతు చించుకున్నాను. అమ్మ బట్టలు ఉతుకుతోంది. చేతులు చీరకు తుడుచుకుని చార్టు తీసి చూసింది.

"సబ్బు పెట్టినవా? పసుపు బట్టకు సబ్బు తగిల్తే ఎర్రగనే అయితది గద బిడ్డా. నీళ్లల్ల జాడిస్తే మల్ల పచ్చగైతది. గింతదానికి నన్ను అడిగితే చెప్పకపోదునా..."

రోజూ బట్టలు ఉతికే ఏ ఆడమనిషికైనా తెలిసిన సంగతే. నాకు తెలియదు. "నువ్వు సదువుకో, నేనుతుకుత" అని నన్ను ఒక్క రుమాలు కూడా ఉతకనీయలేదు ఆమె. ఆ రోజు నుంచి అమ్మ నా పుస్తకం, నా అట్టముక్క, దేన్నీ ముట్టుకోనూ లేదు.

తర్వాత నేనే సైన్స్ టీచరునయ్యాను. ముప్పై ఏళ్లు పసుపు కాగితాలు చేయించి, సబ్బునీళ్లలో ముంచి, "ఇది క్షారం" అని చెప్పాను. పిల్లల్ని దుర్భిణి దగ్గరికి కూడా తీసుకెళ్లాను. వాళ్లను వరుసలో నిలబెట్టి, తలలు లెక్కపెట్టుకునేసరికే పొద్దుపోయింది. నా వంతు రానేలేదు. చివరి ఏళ్లలో పిల్లలు ప్రాజెక్టులు దుకాణంలో రెడీగా కొని తెచ్చేవారు. కోప్పడే ఓపిక లేక సంతకాలు పెట్టి పంపేదాన్ని. నిజం చెప్పాలంటే అలసిపోయాను.

"బడిల ఏం చెప్పినవ్ ఇయ్యాల?" అని అమ్మ అడిగేది, పోయేదాకా అడిగింది. "పాఠాలే" అనేదాన్ని. నువ్వు చెప్పిందే చెప్పానమ్మా అని ఒక్కనాడూ అనలేదు...

మీ బడిలో పాడైన ప్రయోగాలు ఏమైనా ఉంటే రాయండి. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరి మీద అరిచారో, అదీ రాయండి. ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం... ఇక్కడ తర్వాత రాద్దురుగాని, ముందు వెళ్లి వాళ్లతో మాట్లాడండి.