ఎండిన కాలువ మీద రెండున్నర గంటలు

1985 జూన్‌లో హైదరాబాద్‌లోని ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో ప్రధాన శిక్షకుడిగా బాధ్యత తీసుకున్నాను. అంతకుముందు ఆరేళ్లు అక్కడే సహాయ శిక్షకుడిని. పేరుకు ప్రమోషనే గాని, కొత్తగా చేతికి వచ్చింది ఒక్కటే, సంతకం. విద్యార్థి ఎగిరిన ప్రతి గంటా అతని లాగ్‌బుక్‌లో ఎక్కుతుంది. కింద ప్రధాన శిక్షకుడి సంతకం పడితేనే అది గంట, లేకపోతే ఉత్త సిరా.

ఈ గంటల గోల బయటివాళ్లకు అర్థం కాదు. విమానం నడపడం వస్తే చాలదా అని మా బంధువులే అడిగేవారు. చాలదు. ఆ రోజుల్లో కమర్షియల్ లైసెన్స్‌కు రెండు వందల యాభై గంటలు కావాలి. లైసెన్స్ వచ్చాక ఉద్యోగం వేరే సంగతి. కంపెనీలు ప్రకటనల్లో ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసేవి. మొత్తం ఇన్ని గంటలుండాలి, అందులో పక్కన శిక్షకుడు లేకుండా ఒంటరిగా ఊళ్లు దాటి దారి పట్టుకుంటూ ఎగిరినవి ఇన్ని ఉండాలి అని. ఈ రెండో రకాన్ని క్రాస్ కంట్రీ అంటాం. అందరికీ తక్కువ పడేవి అవే.

మా క్లబ్‌లో క్రాస్ కంట్రీకి నేను గీసిన దారి ఇది. హైదరాబాద్‌లో లేచి విజయవాడ రోడ్డు వెంట సూర్యాపేట, అదే రోడ్డు మీద కోదాడ, అక్కడ కుడికి తిరిగి మిర్యాలగూడ, తిరిగి హైదరాబాద్. ఎక్కడా దిగేది లేదు, దిగడానికి అక్కడ రన్‌వేలూ లేవు. మా రెండు సీట్ల శిక్షణ విమానంలో రెండున్నర గంటలు పట్టేది. కోదాడ దాకా రోడ్డూ, అక్కడి నుంచి మిర్యాలగూడ వైపు పెద్ద సాగునీటి కాలువా ఉన్నాయి గనుక తప్పిపోయేవాళ్లు తక్కువ. పైగా నేను పుట్టింది మిర్యాలగూడ పక్కనే. ఆ నేల నాకు కొట్టినపిండి.

ఇందులో ఒక దొంగదారి ఉండేది. భువనగిరి అంత దూరం దాటితే మా రేడియో అందదు. దారి తప్పుతామన్న భయంతో కొందరు విద్యార్థులు దారికి ఎడమన ఉన్న భువనగిరి గుట్ట దాకా పోయి, దాని చుట్టూ రెండున్నర గంటలు తిరిగి, ఏమీ ఎరగనట్టు వచ్చి దిగేవారు. పెట్రోలు అంతే ఖర్చవుతుంది, గడియారమూ అంతే తిరుగుతుంది. వాటికి మేము భువనగిరి గంటలని పేరు పెట్టుకున్నాం. వాటిని పట్టుకోవడానికి నాకో పద్ధతి ఉండేది. దిగగానే మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. సూర్యాపేట మార్కెట్ యార్డులో ఏం కనబడింది? కోదాడ దగ్గర కాలువ ఎట్లా ఉంది? మిర్యాలగూడ మిల్లుల పొగ ఎటు పోతోంది? నాలుగేళ్లలో ఐదుగురు దొరికారు. నా గురి తప్పదని నాకు గట్టి నమ్మకం.

1989 సెప్టెంబర్‌లో లచ్చిరాం అనే విద్యార్థి విషయం వచ్చింది. తుంగతుర్తి దగ్గర తండా అతనిది. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద శిక్షణకు వచ్చి, లైసెన్స్ తెచ్చుకుని, మిగిలిన గంటలు పొదుపుగా ఎగురుతూ ఉన్నాడు. మాట తక్కువ మనిషి. అప్పుడే ఒక విమాన కంపెనీ ట్రెయినీ కో-పైలట్లు కావాలని ప్రకటన ఇచ్చింది. దరఖాస్తుకు శనివారం ఆఖరు. వాళ్లడిగిన మొత్తం గంటలు అతనికి ఉన్నాయి. ఒంటరి క్రాస్ కంట్రీలో మాత్రం రెండు గంటల ఇరవై నిమిషాలు తక్కువ. స్కాలర్‌షిప్‌లో మిగిలింది కూడా సరిగ్గా ఒక్క చుట్టే. వయసు పరిమితి ఆ ఏడాదితో దాటిపోతుంది. మంగళవారం ఉదయం ఆ చుట్టుకు పోయి, వేళకు వచ్చి దిగాడు.

నా ప్రశ్నలు మొదలుపెట్టాను. సూర్యాపేట జవాబు సరిపోయింది. కోదాడ కాలువ అడిగాను.

"కాలువల నీళ్లు లేవు సార్" అన్నాడు.

"సెప్టెంబర్‌ల నీళ్లు లేకపోవుడేంది? నాట్లు పడి ఉన్నయ్ గాడ."

"లేవు సార్. మనుషులు దిగి చేపలు పడుతున్నరు."

నాకు నవ్వొచ్చింది. క్రాస్ కంట్రీకి నేనిచ్చిన ఎత్తు మూడు వేల అడుగులు. అక్కడి నుంచి మనిషి చీమ కూడా కాడు. "మూడు వేల అడుగుల మీంచి చేపలు పట్టేటోళ్లు కనబడ్డరా నీకు?" అని అడిగాను. అతను తల దించుకున్నాడు. అది నాకు చాలు. లాగ్‌బుక్ మూసి సంతకం చేయకుండా పక్కన పెట్టాను. ఆరోవాడు దొరికాడనుకున్నాను.

బుధవారం పొద్దున నా గదికి వచ్చి నిలబడ్డాడు. బతిమాలుతాడనుకున్నాను. బతిమాలలేదు.

"నేను భువనగిరి గంటలు ఎగరలే సార్. మీరు పక్కన కూసోని పరీక్ష పెట్టుండ్రి" అన్నాడు.

అనుమానం వస్తే క్లబ్ పెట్రోలు మీద విద్యార్థిని తీసుకెళ్లి పరీక్షించే అధికారం ప్రధాన శిక్షకుడికి ఉంది. శిక్షకుడు పక్కన ఉంటే అవి ఒంటరి గంటలు కావు గనుక అతని లెక్కకు పనికిరావు. అది అతనికీ తెలుసు. అతనికి కావలసింది మంగళవారం గంటలే. సరేనన్నాను. దొంగ అని తేలితే నోరెత్తకుండా పోతాడన్నది నా లెక్క.

గురువారం ఎనిమిదింటికి లేచాం. గాలిలోకి వెళ్లగానే మ్యాపు అడిగి తీసుకుని నా తొడ కింద పెట్టుకున్నాను. అయినా అతను సూర్యాపేట మీదికి చెప్పిన నిమిషానికి తెచ్చాడు. కోదాడ కూడా అంతే. దారి తెలిసినవాడే అని మనసులో ఒప్పుకున్నాను. ఇక కాలువ చూశాను. నిండుగా ఉంది, ఒడ్డు నుంచి ఒడ్డుకు.

అతని భుజం తట్టి వేలితో చూపించాను. దాచడమెందుకు, ఆ క్షణంలో నాకు సంతోషంగానే ఉంది. అతను కిందికి చాలాసేపు చూశాడు. తర్వాత హెడ్‌సెట్‌లో నెమ్మదిగా మాట వచ్చింది.

"నీళ్లు జర ఎర్రగున్నయ్ సార్. గివి కొత్త నీళ్లు."

మిర్యాలగూడకు నేరుగా పోకుండా కాలువ వెంటే పోతానని అనుమతి అడిగాడు. పోనిచ్చాను. హుజూర్‌నగర్ దాటి కొంచెం పోయాక అతనే చూపించాడు. "గాడ సూడుండ్రి సార్."

పచ్చటి గట్టు మీద ఒకచోట ఎర్రమట్టి మచ్చ. మూడు వేల అడుగుల నుంచి అంతకు మించి తెలియడం లేదు. కంట్రోల్స్ నేను తీసుకుని వెయ్యి అడుగులకు దించాను. అప్పుడు కనబడింది. కొత్తగా పోసిన మట్టి, దాని పాదాన ఇసుక బస్తాల వరుసలు, పక్కన ఒక బుల్‌డోజర్. ఆ వారం వానలు గట్టిగా కొట్టాయి. గట్టు జారితే నీళ్లు ఆపి, పూడ్చి, మళ్లీ వదిలారు. మంగళవారం కాలువ నిజంగానే ఎండి ఉంది.

మళ్లీ మూడు వేల అడుగులకు ఎక్కించి, మిర్యాలగూడ వైపు పొమ్మని కంట్రోల్స్ అతనికిచ్చాను. తర్వాత ఎత్తు మీటర్ చూసుకుంటే నాకు ఇంకో సంగతి తట్టింది.

"మంగళారం నువ్వెంత కిందికి దిగినవ్?" అన్నాను.

"వెయ్యి సార్."

"ఎందుకు?"

"మా అవ్వ, నాయిన గిప్పుడు గా కాలువ కింది పొలాలల్లనే కలుపు తీస్తున్నరు. నీళ్లు బంద్ అయితే పని బంద్ అయితది. ఏమైందో సూద్దామని దిగిన."

మొన్న ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎత్తు తప్పానంటే గంటలు కొట్టేస్తారని భయపడ్డాడట. నేనూ అదే కాలువ కోసం అదే వెయ్యి అడుగులకు ఇప్పుడే దిగి వచ్చాను.

తిరుగు దారిలో నన్ను బాధపెట్టింది ఇది. భువనగిరి చుట్టూ తిరిగినవాడు కాలువ నిండుగా ఉందనే చెప్పేవాడు, ఎందుకంటే సెప్టెంబర్‌లో అది నిండుగా ఉంటుందని ఎవరికైనా తెలుసు. ఎండిందని చెప్పాలంటే పోయి చూసి ఉండాలి. అబద్ధానికి రుజువని నేను పట్టుకున్నదే అతను నిజంగా ఎగిరాడనడానికి రుజువు. మా అన్న మిర్యాలగూడలోనే ఉండేవాడు. మంగళవారం సాయంత్రం ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. మా వైపు తెలిసిన ఇంటి పిల్లవాడు ఆ మాట చెప్పి ఉంటే చేసేవాణ్ణే. లచ్చిరాం కోసం చేయలేదు. దానికి సిగ్గుపడ్డాను.

గురువారం మధ్యాహ్నం మంగళవారం గంటల కింద సంతకం చేశాను. పక్క గడిలో ఎర్ర సిరాతో, అనుమతించిన ఎత్తు కంటే కిందికి దిగాడు, హెచ్చరించాం అని కూడా రాశాను. తప్పు తప్పే. ఇంటర్వ్యూలో వాళ్లు ఆ ఎర్ర సిరా రాత గురించే అడిగారట. నాకు చెప్పినట్టే వాళ్లకూ చెప్పానన్నాడు. ఉద్యోగం వచ్చింది.

తర్వాతి బ్యాచ్ నుంచి ఆ మూడు ప్రశ్నలు ఎత్తేశాను. నాకు తెలిసిన జవాబుతో పోల్చి చూస్తే పట్టుబడేది దొంగ ఒక్కడే కాదు, కళ్లు తెరిచి చూసినవాడు కూడా. 1997లో పదవీ విరమణ చేసేదాకా, చుట్టు ముగించి దిగిన ప్రతి విద్యార్థినీ ఒక్కటే అడిగాను, దారిలో నాకు తెలియనిది ఏం చూశావని. అది నిజమో కాదో కనుక్కునే పని నాది. ఆ పని అయ్యాకే లాగ్‌బుక్ తెరిచేవాణ్ణి.