వ్రతకథ అట్టలో

హైటెక్ సిటీ కడుతున్న రోజుల్లో నేను పనిచేసిన కొండాపూర్ ఇంటి కోడలు, ఫుట్‌పాత్ మీద కొన్న పాతకాలపు ఇంగ్లండు దొరల ఇంగ్లీషు ప్రేమనవలలను వ్రతకథ అట్టలో దాచి చదివేది. వాటిలో ఆడపిల్లలు దొరలకు తడుముకోకుండా జవాబిస్తారట. పట్టుబడితే పుట్టింటికి పంపేస్తారని ఆమెకు భయం. "జర పైలం అమ్మా" అనేదాన్ని.

ఒక శుక్రవారం అత్తగారు పేరంటాళ్ల ముందు ఆ పుస్తకమే తెచ్చి కోడలి చేతికిచ్చి, "చదువమ్మా" అన్నారు. నాకప్పుడు చదువు రాదు, అయినా లోపలున్నవి మన గుండ్రటి అక్షరాలు కావని తెలుసు.

కోడలు వేలిని వరస కింద జరుపుతూ వ్రతకథంతా నోటికే చెప్పింది. చివర్లో కథలోని భార్య భర్తతో, "ప్రశ్నలన్నీ మీరే వేశారు, జవాబులూ మీరే చెప్పుకోండి" అంది.

"ఈ మాట నేనెప్పుడూ వినలేదే?" అన్నారు అత్తగారు.

"ఇది కొత్త ముద్రణండి."

పేరంటాళ్లు నవ్వారు. ఆమె పుస్తకం మూసి కళ్లకద్దుకుంది.