తోడల్లుడి డొక్కు కారు

కళ్ళద్దాల షాపు నడిపే ఆయన పరులు బాగుపడితే కళ్ళల్లో నిప్పులు పోసుకునే రకం కాదు. ఎదురుగా ఇంకో కళ్ళద్దాల షాపు తెరిచినప్పుడు కూడా వెళ్ళి శుభాకాంక్షలు చెప్పి వచ్చాడు. అలాంటి మనిషికి జీవితంలో ఒకే ఒక్కరి మీద కుళ్ళు. అది సొంత తోడల్లుడి మీద. పోనీ ఆ తోడల్లుడికి మేడలూ మిద్దెలూ ఉన్నాయా అంటే అదీ లేదు. ఈయన ఓర్వలేనితనమంతా తోడల్లుడు ఒకప్పుడు నడిపిన డొక్కు కారు మీద.

తోడల్లుడు బోర్డులు రాసే పెయింటరు. ఆ ఇంటికి పెద్దల్లుడు. కళ్ళద్దాలాయన చిన్నల్లుడు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి రెండు కుటుంబాలూ అత్తగారింట్లో భోజనానికి చేరేవి. కంచాలు పెట్టీ పెట్టకముందే ఎవరో ఒకరు, “బావా, ఆ మహాతల్లి సంగతి చెప్పు” అనేవాళ్ళు. మహాతల్లి అంటే ఆ కారు. అది చేసే పనులు చూసి మామగారు పెట్టిన పేరు.

చిన్నల్లుడి పెళ్ళినాటికే మహాతల్లి పాత ఇనుము కొట్టుకి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని కంటితో చూసింది లేదు. అయినా దాని ఒంటి మీద ఎక్కడెక్కడ ఏ రంగు ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. బోర్డులకి వాడగా మిగిలిన రంగులే పెద్దల్లుడు దానికి పూసేవాడట. ఒక తలుపు మందుల షాపు పచ్చ, ఇంకో తలుపు సైకిల్ షాపు ఎరుపు. ఎడమవైపు తలుపులు తెరుచుకునేవి కావు. అందుకని అత్తగారు కుడివైపు నుంచి ఎక్కి సీట్ల మీద పాక్కుంటూ తన చోటికి చేరేది. అది ముందుకు పోయేదే గానీ వెనక్కి పోయేది కాదు, కాబట్టి ఎవరింటికి వెళ్ళినా ముందు వీధికి అవతల దారి ఉందో లేదో కనుక్కుని మరీ వెళ్ళేవాళ్ళు. ఎడమకి తిప్పినప్పుడల్లా హారన్ దానంతటదే మోగేది. కాళ్ళ దగ్గర రేకు తుప్పు పట్టి చిల్లి పడితే అందులోంచి అత్తగారి చెప్పు రోడ్డు మీద జారిపోయింది. ఆవిడ ఒంటి చెప్పుతో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన నొప్పి చెప్పు లేని కాలికే అనుకుని దాన్నే పరీక్ష చేశాడట.

ఇవన్నీ పెద్దల్లుడు చెబుతుంటే మామగారికి పొలమారేది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకునేది. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అన్నట్టు, ఆ కారు పోయాక దాని విలువ ఇంకా పెరిగింది.

చిన్నల్లుడు కూడా నవ్వేవాడు. కాకపోతే ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది. ముఖ్యంగా వాన కథ వచ్చినప్పుడు. మహాతల్లికి అద్దాలు తుడిచే వైపర్లు పనిచేయక, రెంటికీ పురికొస తాడు కట్టి చెరో కిటికీలోంచి లోపలికి లాగారు. పెద్ద వాన. ఒక పక్క అక్క లాగితే ఇంకో పక్క చెల్లెలు లాగాలి. ఆ చెల్లెలే ఇప్పుడు చిన్నల్లుడి భార్య. ఒళ్ళంతా తడిసి, చేతులు నొప్పెట్టి, పాటలు పాడుకుంటూ ఇల్లు చేరారట. అది చెప్పేటప్పుడు ఆమె ముఖంలో వచ్చే వెలుగు తనతో ఉన్నప్పుడు ఎన్నడైనా వచ్చిందా అని ఆయన వెతుక్కునేవాడు. షాపులో ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి చూసి అలవాటైన మనిషి. రాలేదని తెలిసిపోయేది.

కొన్నాళ్ళకి ఆయన కారు కొన్నాడు. ఆ ఇంట్లో కొత్త కారు అంటూ వచ్చింది అదే మొదలు. వెండిరంగు, చల్లటి గాలి, నొక్కితే కిందకి దిగే అద్దాలు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా అందరినీ ఎక్కించుకుని షికారు తీసుకెళ్ళాడు. ఊరు దాటేసరికి వెనక సీట్లో అందరూ నిద్రపోయారు. మెలకువగా ఉన్న అత్తగారు మాత్రం, “ఇంట్లో కూర్చున్నట్టే ఉంది నాయనా” అంది. ఆయన ఛాతీ పొంగింది. ఆవిడ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. “అదే మహాతల్లి అయితే ఈపాటికి రెండుసార్లు దిగి తోసేవాళ్ళం” అనేసింది. అంతే, నిద్రపోతున్నవాళ్ళందరూ లేచి కూర్చున్నారు. తిరిగి ఇంటికి వచ్చేదాకా ఆయన కొత్త కారులో ఆ పాత కారు సంగతులే.

కారు గురించి చెప్పుకోవడానికి ఏదైనా జరగాలంటే ముందు కారు చెడిపోవాలి. ఆయన కారు చెడిపోదు. ఈ సంగతి ఆయనకి ఆ రోజు అర్థమైంది.

తర్వాతి ఆదివారం ఆయన ఒక అబద్ధం చెప్పాడు. పెళ్ళికి ముందు తన మేనమామ దగ్గర ఒక కారు ఉండేదనీ, దాన్ని తానే నడిపేవాడిననీ, మహాతల్లి దాని ముందు ఎందుకూ పనికిరాదనీ మొదలుపెట్టాడు. దానికి బ్రేకులు లేవన్నాడు. ఆపాలంటే గోడకి రాసుకుంటూ పోవాల్సి వచ్చేదన్నాడు. అందరూ పడీపడీ నవ్వుతారనుకుంటే ఒక్కరూ నవ్వలేదు. “అయ్యో, దెబ్బలేమైనా తగిలాయా బాబూ?” అని అత్తగారు భయంగా అడిగింది. మామగారు ఆ మేనమామకి బాధ్యత లేదని తిట్టాడు. పెద్దల్లుడు మాత్రం తల వంచుకుని తింటున్నాడు.

ఇంటికొచ్చాక భార్య చీర మడత పెడుతూ, “మీరు డ్రైవింగ్ నేర్చుకుంది మన పెళ్ళయ్యాక కదండీ?” అని అడిగింది.

ఆయన చొక్కా విప్పి కొక్కానికి తగిలించాడు. ఆమె రెట్టించలేదు. రెట్టించి ఉంటే కోపమైనా తెచ్చుకునేవాడు. ఆమె ఊరుకోవడంతో ఆ కుళ్ళు కాస్తా కడుపులో కుంపటి అయి కూర్చుంది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఆయన ఒక డొక్కు కారు కొన్నాడు. మెకానిక్ షెడ్డు వెనకాల గడ్డి మొలిచి పడి ఉన్న కారు అది. మెకానిక్కే ముక్కున వేలేసుకున్నాడు. కొత్త కారు ఉండగా ఇదెందుకు సార్ అని రెండు మూడు సార్లు అడిగాడు. షాపు సరుకు తెచ్చుకోవడానికి అని ఈయన చెప్పాడు. కళ్ళద్దాల షాపు సరుకంతా కలిపితే ఒక సంచిలో పడుతుంది. మెకానిక్ డబ్బు లెక్కపెట్టుకున్నాడు.

ఆ ఆదివారమే ఊరి బయట గుట్ట మీది పార్కుకి వెళదామన్నాడు. కొత్త కారు ఇంట్లో పెట్టి ఈ డొక్కు తీసుకొచ్చేసరికి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “ఇది భలే తమాషాగా ఉంటుంది చూడండి” అని ఆయన ముందే చెప్పాడు. తమాషా అని ముందే చెప్పిన తమాషాకి ఎవరు నవ్వుతారు?

గుట్ట ఎక్కుతుండగా ముందు పొగ వచ్చింది. తర్వాత ఇంజను దగ్గింది. ఆయన కంగారుగా గేరు మార్చబోతే గేరు కడ్డీ ఊడి చేతిలోకి వచ్చేసింది. కారు ఆగిపోయింది. ఇంతకాలం ఆయన ఎదురుచూసిన క్షణం అదే. ఒక్క మాట, ఒకే ఒక్క మంచి మాట అంటే చాలు. తీరా చూస్తే ఆయన నోరు ఎండిపోయింది. అత్తగారికేమైనా అయిందేమోనని వెనక్కి తిరిగాడు, అందరికీ క్షమాపణలు చెప్పాడు, ఫోను తీసి మెకానిక్ మీద అరిచాడు. ముఖం జేగురించింది.

పెద్దల్లుడు వెనక సీట్లోంచి వంగి ఆ కడ్డీ వైపు చూసి, తాపీగా అన్నాడు. “పారేయకు తమ్ముడూ. అత్తయ్యగారికి చేతికర్రగా పనికొస్తుంది.”

ఆ నవ్వు గుట్టంతా వినిపించింది. అత్తగారిని రోడ్డు పక్కన బండరాయి మీద కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళు నవ్వుతూనే దిగి, నవ్వుతూనే కారు తోశారు.

అక్కడితో పోయినా బాగుండేది. తర్వాతి ఆదివారం భోజనానికి పక్కింటి వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళకి పెద్దల్లుడు చెప్పింది మహాతల్లి కథ కాదు. గుట్ట మీద గేరు కడ్డీ కథ. పొగ ఎలా వచ్చింది, ఇంజను ఎలా దగ్గింది, తమ్ముడి ముఖం ఎలా మాడింది, అన్నీ వరసగా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి చెప్పాడు. పక్కింటాయన కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నల్లుడు మింగలేక కక్కలేక కూర్చున్నాడు. ఏరికోరి కొనుక్కున్న చెత్త కారు కూడా తోడల్లుడిదే అయిపోయింది.

మర్నాడు షాపుకి తాళం వేసి తిన్నగా పెద్దల్లుడు పనిచేసే చోటికి వెళ్ళాడు. ఆయన కింద కూర్చుని ఒక బేకరీ బోర్డు రాస్తున్నాడు. గది అంతా టర్పెంటైన్ వాసన. చిన్నల్లుడు నిలబడే అన్నాడు.

“అన్నయ్యా, ఆ కారు నాది.”

“కాదని ఎవరన్నారు?”

“మరి ఆ సంగతి మీరెందుకు చెబుతున్నారు? మీకు మహాతల్లి ఉందిగా, అది చాలదా?”

పెద్దల్లుడు కుంచె పక్కన పెట్టాడు. తోడల్లుడు వేళాకోళానికి అడగడం లేదని ఆయనకి అర్థమైంది. ఒక డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు.

“ఆ కారంటే నాకు అసహ్యం తమ్ముడూ” అన్నాడు. “కొన్న కొత్తలో మీ వదిన్ని దాంట్లో వాళ్ళ స్నేహితురాలింట్లో గృహప్రవేశానికి తీసుకెళ్ళా. సరిగ్గా గేటు ముందు ఆగిపోయింది. వచ్చినవాళ్ళంతా చూస్తున్నారు. తను కొత్త బట్టలతో దిగి తోసింది. ఆ సాయంత్రమంతా ఏడ్చింది. మర్నాడు అత్తయ్యగారు అడిగితే ఏం చెప్పాలో తెలియక, నవ్వొచ్చేలా చెప్పా. ఆవిడ నవ్వింది. మీ వదిన కూడా నవ్వింది. అప్పట్నుంచి అలా చెప్పడమే నేర్చుకున్నా. లేకపోతే వాళ్ళకి గుర్తుండేది నా చేతకానితనమే.”

చిన్నల్లుడు డబ్బా మీద కూర్చున్నాడు.

“నువ్వు కొత్త కారులో తిప్పి తీసుకొచ్చిన రోజు ఇంటికొచ్చాక మీ వదిన ఏమందో తెలుసా? ‘ఒక్కసారి కూడా దిగాల్సిన పని లేకపోయింది’ అంది. అంతే అంది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.”

ఇంకొకరైతే ఆ మాటకి కరిగిపోయి తోడల్లుణ్ణి కౌగిలించుకునేవాళ్ళు. చిన్నల్లుడి మనసు కూడా మెత్తబడింది, లేదనలేం. వదిన ఏడ్చిందని తెలిసి ఆయనకి నిజంగానే బాధ కలిగింది. కానీ వీధిలోకి వచ్చి నాలుగడుగులు వేశాడో లేదో, ఎంత బాగా చెప్పాడు అనిపించింది. సొంత అవమానాన్ని కూడా ఈ మనిషి ఎంత బాగా చెప్పగలడు అని మళ్ళీ కుళ్ళుకున్నాడు. అసూయ పుండులాంటిది. మానుతున్నట్టే ఉంటుంది, లోపల సలుపుతూనే ఉంటుంది.

ఆ ఆదివారం మామగారి పాత స్నేహితుడొకాయన భోజనానికి వచ్చాడు. గుట్ట మీద ఏదో జరిగిందట కదా అని ఆయనే కదిపాడు. అందరి తలలూ పెద్దల్లుడి వైపు తిరిగాయి. “అది తమ్ముడి కారు. తమ్ముడే చెప్పాలి” అని పెద్దల్లుడు పక్కకి తప్పుకున్నాడు.

చిన్నల్లుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కారు ఏ మెకానిక్ దగ్గర కొన్నదీ, ఆ షెడ్డు ఏ దారిలో ఉన్నదీ, రేడియేటరులో నీళ్ళు తగ్గితే పొగ ఎందుకు వస్తుందీ చెప్పుకొచ్చాడు. కళ్ళద్దాలు బిగించినట్టే ప్రతి మాటా సరిగ్గా బిగించి చెప్పాడు. మామగారి స్నేహితుడు మర్యాదగా తల ఊపుతూ ఒక ఆవులింత మింగాడు. కారు ఇంకా గుట్ట దగ్గరికి కూడా చేరలేదు.

“మీరుండండి, నేను చెబుతా” అంది ఆయన భార్య.

ఆమె ఆ రోజు స్టీరింగు వైపు నిలబడి తోసింది. మిగిలినవాళ్ళు కారు వెనకాల ఉన్నారు కాబట్టి ముందు ఏం జరిగిందో వాళ్ళకి తెలియదు. మెకానిక్ మీద అరిచి ఫోను పెట్టేశాక ఈయన చంకలో గేరు కడ్డీ పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయాడట. ఇంతలో ఒకాయన గుట్ట దిగుతూ, ఏమైంది సార్ అని ఆగాడట. ఆయన ముఖం చూడగానే ఈయనకి కారు మర్చిపోయి షాపు గుర్తొచ్చింది. ఆ కళ్ళజోడు తాను అమ్మినదే. “చెవుల దగ్గర నొక్కడం లేదు కదండీ?” అని అడిగాడు. కొంచెం నొక్కుతోందని ఆయన అన్నాడో లేదో, గేరు కడ్డీ ఆయన చేతికిచ్చి, కళ్ళజోడు తీసుకుని కొమ్ములు వంచి సరిచేయడం మొదలుపెట్టాడు. “ఇక్కడ నేను కారు తోస్తున్నాను. వెనకాల వీళ్ళందరూ ఊపిరి బిగబట్టి తోస్తున్నారు. అక్కడ ఆయన కడ్డీ పట్టుకుని కళ్ళు చికిలించి నిలబడ్డాడు. ఈయనేమో ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడుగుతున్నారు” అంది.

నవ్వు ఆపుకోలేక మిగతాది చెప్పలేకపోయింది. మామగారికి పొలమారి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. వదిన గోడకి ఆనుకుని జారి కింద కూర్చుంది. అది జరిగిన సంగతి చిన్నల్లుడికే గుర్తు లేదు. భార్య ఇన్నాళ్ళూ దాన్ని తనలోనే దాచుకుని ఉంటుందని ఆయన అనుకోలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఆయన వైపు చూసింది. ఆయన వెతుక్కుంటూ వచ్చిన వెలుగు ఆ ముఖంలో ఉంది.

ఆయన చూపు అప్రయత్నంగా పెద్దల్లుడి మీద పడింది. పెద్దల్లుడు కూడా నవ్వుతున్నాడు గానీ, ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. కంచం అంచు మీద వేలితో గీతలు గీస్తూ, ఎవరైనా మహాతల్లి మాట ఎత్తుతారేమోనని ఒక్కొక్కరి ముఖమూ చూస్తున్నాడు. ఎవరూ ఎత్తలేదు.

పాపం అనుకోవాలని చిన్నల్లుడికి తెలుసు. అనుకుందామని కాసేపు నిజంగానే ప్రయత్నించాడు. తర్వాత కంచం ముందుకు జరుపుకుని, వదిన్ని అడిగి మరీ మారు వేయించుకున్నాడు.